ఇల్లు కూలకముందు ఒక్క రోజు ఇవ్వండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల గ్రామ పంచాయతీ సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పాత మండువా ఇల్లు పడగొట్టడానికి ఇప్పుడు జేసీబీకి ఒక పూట చాలు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు దూలాలు కిందికొస్తాయి. సాయంత్రానికి కలప వ్యాపారి లారీ తెచ్చి దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు ఘనపుటడుగుల లెక్కన ఎత్తుకుపోతాడు. పడగొట్టొద్దని మేం అడగడం లేదు. చెదలు తిన్న వాసాల కింద కాపురం ఉండమని ఎవరికీ చెప్పలేం. ఆ పూటకు ముందు ఒక్క రోజు ఇప్పించమని అడుగుతున్నాం. ఆ రోజున ఇంటిని కొలిచి, ఫొటోలు తీసి, అందులో ఎవరెవరు కాపురం ఉన్నారో రాసి, ఆ కాగితాలను పంచాయతీలో ఇంటి నంబరు వారీగా ఒక ఫైల్లో పెట్టించండి. అన్నిటికంటే ముందు, మీ బీరువాల్లో ఉన్న పాత ఇంటిపన్ను రిజిస్టర్లను చిత్తుకాగితాల కింద అమ్మనివ్వకండి.

పాత ఇళ్లు కొలిచేవాళ్లం, కలప పని తెలిసినవాళ్లం, దస్తావేజులు చదివేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. కలెక్టరుగారికి కాకుండా మీకే రాయడానికి కారణం ఉంది. పొలానికి అడంగల్ ఉంది. ఏ ఫసలీలో, అంటే ఏ రెవెన్యూ సంవత్సరంలో, ఎవరి సాగులో ఉందో అందులో దొరుకుతుంది. ఇంటికి అలాంటి లెక్క లేదు. పాత సర్వేలో ఊరి నివాస స్థలమంతా కలిపి గ్రామకంఠం అని రాసి వదిలేశారు. లోపల ఎన్ని ఇళ్లున్నాయో, ఏ ఇల్లు ఎవరిదో రెవెన్యూ లెక్కల్లోకి ఎక్కలేదు. 2020 ఏప్రిల్లో మొదలైన స్వామిత్వ పథకం కింద గ్రామకంఠాలను డ్రోన్లతో కొలిచి కార్డులు ఇస్తున్నారు. అది మంచి పని. అయితే ఆ కార్డు ఇవాళ ఇల్లు ఎవరిదో, ఎన్ని గజాలో చెబుతుంది. నిన్న ఎవరిదో, వాళ్లకు ఎలా వచ్చిందో చెప్పదు. ఆ సంగతి ఏడాదికేడాది రాసుకుంటూ వచ్చింది పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరే. ఆ రిజిస్టరుకు రెండో ప్రతి ఎక్కడా లేదు.

రిజిస్టరు చదవడంలోనే మొదటి తప్పు జరుగుతుంది. ఇంటి నంబర్లు మారతాయి. ఊరు పెరిగినప్పుడల్లా వార్డులు విడదీసి కొత్త నంబర్లు వేస్తారు. ఇవాళ్టి 2-45 ముప్పై ఏళ్ల కిందటి 2-45 కాకపోవచ్చు. అందుకని నంబరు పట్టుకుని వెనక్కి పోకూడదు. కొత్త నంబర్లు వేసిన ఏడాది రిజిస్టరులో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసి ఉంటాయి. ముందు ఆ పుస్తకం దొరకాలి. అది దొరక్కపోతే వరస పట్టుకోవాలి. వీధిలో ఇళ్లు వరసగానే రాస్తారు కనుక అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు పేర్లు కలిస్తే మధ్యలోది మన ఇల్లే.

రెండో తప్పు పేర్లతో వస్తుంది. మన వైపు తాత పేరు మనవడికి పెడతారు. రిజిస్టరులో అరవై ఏళ్లు ఒకే పేరు కనిపిస్తే ఒకే మనిషి అనుకుంటాం. తండ్రి పేరు గడి చూస్తే మధ్యలో మనిషి మారాడని తెలుస్తుంది. పోయిన మనిషి పేరు మీదే పన్ను కడుతూ పోవడం కూడా మామూలే. కాబట్టి రిజిస్టరులో పేరున్నంత కాలం ఆ మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టు కాదు. పేరు మారిన ఏడాది ఇల్లు చేతులు మారిన ఏడాదీ కాదు. ఆ రెండింటికీ నడుమ పదేళ్లు, ఇరవై ఏళ్లు తేడా ఉండొచ్చు.

ఇక దస్తావేజులు. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది. దానికి వెనకటిది కావాలంటే సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసులో చేత్తో రాసిన ఇండెక్సులు వెతికించాలి. ఒకటి పేర్ల వరసలో ఉంటుంది, ఇంకొకటి ఆస్తి వరసలో. ఇంటి పాత యజమాని పేరు, తండ్రి పేరు, ఊరు, ఉజ్జాయింపుగా పదేళ్ల వ్యవధి చెబితే వెతకడం తేలిక. ‘మా తాతల ఇల్లు’ అని చెబితే ఏ ఉద్యోగీ ఏమీ చెయ్యలేడు.

చాలామంది ‘మా ఇంటికి కాగితాలే లేవు’ అంటారు. పిత్రార్జితం అయితే దస్తావేజు లేకపోవడం వింత కాదు. అప్పుడు పక్కింటి దస్తావేజు చూడాలి. ప్రతి దస్తావేజు చివర చెక్కుబంది ఉంటుంది. తూర్పు ఫలానావారి ఇంటి గోడ, దక్షిణం నడిచే దోవ, పడమర ఫలానావారి దొడ్డి, ఉత్తరం రాజవీధి అని రాస్తారు. ఆ ‘ఫలానావారు’ మీ ఇంటివాళ్లే. నాలుగు వైపులా ఇళ్లవాళ్లు నాలుగు వేర్వేరు సంవత్సరాల్లో అమ్ముకున్నా, కొనుక్కున్నా, ఒక్క కాగితం లేని మీ ఇంటికి నాలుగు తేదీల్లో నాలుగు సాక్ష్యాలు దొరికినట్టే. ‘ఫలానావారి పాడుదిబ్బ’ అని ఉంటే అప్పటికి ఇల్లు పడిపోయి ఉంది. ‘ఫలానావారి ఖాళీ నివేశన స్థలం’ అంటే ఇంకా కట్టలేదు. ఇంటి చరిత్ర రాయడానికి మాకు తెలిసిన సాధనాల్లో ఇంత గట్టిది ఇంకొకటి లేదు. ఒక్కో ఇంటికి కాక వీధి మొత్తానికి కలిపి రాయమని మేం అనేది ఇందుకే.

కాగితం మీద తేదీ చెరిగిపోయినా జిల్లా పేరు కాలం చెబుతుంది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. కనుక ‘గుంటూరు జిల్లా ఒంగోలు తాలూకా’ అని ఉన్న కాగితం 1904కూ 1970కీ మధ్యది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఊళ్లకు 1970 దాకా నెల్లూరు జిల్లా అనే రాశారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఈ మూడు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ‘ఒంగోలు జిల్లా’ అని ఉన్న కాగితం ఆ నడిమి కాలానిదే. ‘తాలూకా’ పోయి ‘మండలం’ వచ్చింది 1985లో. కందుకూరు 2022 ఏప్రిల్లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది కాబట్టి ఆ ఊరి కాగితాలు రెండు జిల్లా కేంద్రాల్లోనూ వెతకాల్సిందే.

పైకం అణాల్లో, పైల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. స్టాంపు కాగితం వెనక వైపు తప్పకుండా చూడండి. వెండరు ఏ తేదీన, ఎవరికి అమ్మాడో అక్కడ రాసి సంతకం చేస్తాడు. ఆ తేదీ దస్తావేజు తేదీ కంటే తర్వాతిదైతే ఆ కాగితాన్ని పక్కన పెట్టాలి. కొనని స్టాంపు మీద ఎవరూ రాయలేరు కదా.

కొలతల దగ్గర అంకణం చిక్కు తెస్తుంది. నెల్లూరు వైపు స్థలం లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. అదే తిరుపతి వైపు 36 చదరపు అడుగులే. ఇంటి లెక్కలో అంకణం అంటే మాత్రం రెండు దూలాల నడుమ ఖాళీ. ‘ఐదంకణాల పెంకుటిల్లు’ అని రాస్తే ఐదు ఖానాల ఇల్లని అర్థం. దాన్ని 72తో హెచ్చవేసి 360 చదరపు అడుగులని రాసుకుంటే ఇల్లు చిన్నదైపోతుంది, మిగతా స్థలం ఎవరిదన్న తగాదా మొదలవుతుంది. దస్తావేజులో అంకణం ‘నివేశన స్థలం’ పక్కన ఉందా, ‘ఇల్లు’ పక్కన ఉందా చూసి చదవాలి.

ఇప్పుడు ఇంటి దగ్గరకు వద్దాం. ఇల్లు కట్టిన సంవత్సరం ఎక్కువగా దొరికేది తలవాకిలి ద్వారబంధం పైకమ్మి మీద, లేదా మండువా దూలం మీద. ఏటేటా సున్నం, దాని మీద ఎనామిల్ రంగు పూసీ పూసీ అక్షరాలు పూడిపోయి ఉంటాయి. వాటిని చాకుతో గోకొద్దు. నూనె రాయొద్దు. చీకటి పడ్డాక టార్చిలైటును దూలానికి ఆనించినంత దగ్గరగా, పక్కవాటుగా పట్టండి. ఎదురుగా వేస్తే చదునుగా కనిపించే చెక్క మీద పక్క వెలుగులో గాళ్ల అంచులు నీడలు పడి అక్షరాలు లేస్తాయి. అదే వెలుగును కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి వేసి మూడు ఫొటోలు తియ్యాలి. ఒకదాంట్లో కనిపించని కొమ్ము ఇంకోదాంట్లో దొరుకుతుంది. తెలుగు అంకెల్లో ౨, ౩ ఒకదానికొకటి పొరపాటు పడేవి. ఆ ఒక్క గీత మీద ఇంటి వయసు మారిపోతుంది.

ఉత్త తెలుగు సంవత్సరం పేరుంటే అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుందని మరవకూడదు. ‘ఖర’ అంటే 1891-92 కావచ్చు, 1951-52 కావచ్చు. మాసం, తిథి, వారం మూడూ చెక్కి ఉంటే పాత పంచాంగంలో వారం సరిపోయిన సంవత్సరమే ఖాయం. శాలివాహన శకం ఉంటే 78 కలపాలి. తెలుగు సంవత్సరం చివర్లో, జనవరి ఒకటి దాటాక అయితే 79. శా.శ. ౧౮౧౩ అంటే 1891, ఆ ఏడు ఖరే. కరణాల లెక్కల్లో ఫసలీ ఉంటే 590 కలపండి, జూలై నుంచి జూన్ దాకా లెక్క. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్.

అయితే ద్వారబంధం మీది తేదీ ద్వారబంధానిదే. పడిపోయిన ఇంటి కలప ఇంకో ఇంటికి కొని తేవడం ఎప్పటినుంచో ఉంది. దూలం పక్కల ఏమీ బిగించని పాత బెజ్జాలు, అర్థం లేని చోట నరుకుళ్లు కనిపిస్తే అది ఇంకెక్కడో పనిచేసి వచ్చిన దూలం. అటువంటప్పుడు ‘కలప ఫలానా సంవత్సరానిది, ఇల్లు దాని తర్వాతది’ అని రాయాలి.

పెంకులు కూడా ఇలాగే మోసపుచ్చుతాయి. మంగళూరు పెంకు తిరగేస్తే కంపెనీ ముద్ర ఉంటుంది. బాసెల్ మిషన్ వాళ్ల పెంకుల కర్మాగారం 1865లో మొదలైంది. ఆ సంవత్సరాన్నే పెంకు మీద అచ్చు వేసేవాళ్లు. దాన్ని చూసి ‘మా ఇల్లు 1865లో కట్టారు’ అని చెప్పుకునేవాళ్లున్నారు. అది కర్మాగారం పుట్టిన ఏడు. పైగా తుపాను వచ్చిన ప్రతిసారీ కొన్ని పెంకులు మారతాయి. చూరు వెంబడి నాలుగు రకాల ముద్రలుంటే ఆశ్చర్యం లేదు. కప్పు నడిమి భాగంలో ఎక్కువగా ఉన్న ముద్ర ఏదో చూసి రాసుకోవాలి.

ఇంటి కట్టుబడి ఊరు ఊరికీ ఒకటి కాదు. తీరం వెంబడి తాటాకు ఇళ్లు, గుల్లసున్నం గోడల మిద్దెలు. మార్కాపురం, గిద్దలూరు వైపు చవుడు పోసిన మట్టిమిద్దెలు. మద్రాసు మిద్దె అయితే దూలాల మీద చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో పేర్చి సున్నం పోసి ఉంటుంది. లోపల నిలబడి పైకి చూస్తే ఆ వరసలు కనిపిస్తాయి. 1899లో బెజవాడ-మద్రాసు రైలు దారి పూర్తయ్యేదాకా బరువు సరుకుకు బకింగ్‌హాం కాలువ పడవే దిక్కు. కాలువకు ఆమడ దూరంలో ఉన్న ఊళ్లో పెద్ద టేకు దూలాలు కనిపిస్తే అవి ఎలా చేరాయో అడిగి రాయడం దండగ కాదు.

కొలవడానికి ఇద్దరు మనుషులు, 30 మీటర్ల టేపు, గళ్ల కాగితం చాలు. గదికొకసారి కొలిచి కూడితే ప్రతి గదిలో పోయిన అంగుళం చివరకు అడుగవుతుంది. అందుకని ఒక మూల టేపు బిగించి గోడ పొడవునా చాచి, ప్రతి వాకిలి, ప్రతి అడ్డగోడ దగ్గర అంకె చదువుకుంటూ పోవాలి. ప్రతి గదికీ మూల నుంచి మూలకు రెండు కొలతలు తప్పనిసరి. పాత గదుల్లో నాలుగు మూలలూ మట్టానికి ఉండవు. ఆ రెండూ లేకపోతే ఇంటికొచ్చి గీసినప్పుడు గోడలు కలవవు, అప్పటికి ఇల్లు ఉండదు. గోడ మందం వాకిలి దగ్గర కొలవండి. ఒకే ఇంట్లో రెండు మందాలు కనిపిస్తే పలచటిది చాలాసార్లు తర్వాత పెట్టిన గోడ. ఫొటోలు వీధి నుంచి మొదలుపెట్టి లోపల ప్రదక్షిణగా తియ్యాలి. మార్కాపురం పలక మీద సుద్దతో ఇంటి నంబరు, గది పేరు, తేదీ రాసి ప్రతి ఫొటోలో ఒక మూల పడేట్టు పెట్టుకుంటే పదేళ్ల తర్వాత చూసినా తికమక ఉండదు.

తర్వాత వంటిళ్లు లెక్కపెట్టండి. మండువా ఇల్లు ఒకే కుటుంబానికని కట్టింది, వంటిల్లు ఒకటే ఉండాలి. మూడు పొయ్యిల మసి మూడు చోట్ల ఉంటే ఇల్లు మూడు వాటాలైంది. మూసేసిన వాకిలి గుర్తు, మండువా నడుమ వేసిన గోడ, దొడ్డివైపు తీసిన కొత్త ద్వారం, ఇవన్నీ పారీఖత్తులో, అంటే భాగపంపకాల కాగితంలో, రాసిన పంపకాన్ని గోడల మీద చూపిస్తాయి. బావి ఒకరి వాటాలోకి పోతే మిగతావాళ్లకు నీళ్లు తోడుకునే హక్కు, అక్కడికి నడిచే దోవ పారీఖత్తులో విడిగా రాసి ఉంటాయి. గోడలు, పారీఖత్తు రెండూ కలిపి చదివితే అన్నదమ్ములు ఏ ఏడు వేరుపడ్డారో తేలుతుంది.

మనుషుల దగ్గరకు వస్తే, యజమానుల వరస రాసి ఊరుకుంటే అది సగం చరిత్ర కూడా కాదు. ఇంట్లో ఉన్నవాళ్లు అందరూ యజమానులు కారు. కాపురానికి వచ్చిన కోడళ్లు, భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడపడుచు, కొట్టంలో ఉన్న పాలేరు కుటుంబం, ముందు గదిలో అద్దెకున్న పంతులుగారు, అరుగు మీద నడిచిన బడి. వీళ్లు దస్తావేజుల్లో దొరకరు, ఓటర్ల జాబితాల్లో దొరుకుతారు. జాబితా ఇంటి నంబరు వారీగా ఉంటుంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు ఉంటాయి. ఐదేళ్లకొక జాబితా పక్కపక్కన పెడితే ఇంట్లోకి ఎవరొచ్చారో, ఎవరు పోయారో కళ్లకు కడుతుంది. జనన మరణాల రిజిస్టరు, బడి అడ్మిషను రిజిస్టరు దానికి తోడు. ఆడవాళ్ల ఆస్తి కూడా మరుగున పడుతుంది. పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన ఇంటికి పన్ను అల్లుడి పేరున కట్టి ఉంటారు. దస్తావేజు చూడకపోతే ఆమె పేరు ఎక్కడా కనపడదు. పూజారి, వడ్రంగి, కమ్మరి, మంగలి ఇళ్లకు మాన్యాలుంటే ఇనాం రిజిస్టరు చూడండి. 1860ల నాటి మనిషి పేరు, వయసు అక్కడ దొరకొచ్చు.

పెద్దవాళ్లను ‘ఏ సంవత్సరంలో కట్టారు?’ అని అడిగితే ఏదో ఒక అంకె చెబుతారు. ‘కావలి తుపానుకు ఈ మిద్దె ఉందా?’ అని అడగాలి. అది 1989 నవంబరు. ‘దివిసీమ ఉప్పెనప్పుడు పెంకులు లేచిపోయాయా?’ అది 1977 నవంబరు 19. 1979 మే తుపాను ఈ రెండు జిల్లాలకూ గుర్తుంటుంది. తీరం ఊళ్లలో సునామీకి ముందా తర్వాతా అంటే చాలు, 2004 డిసెంబరు 26. ఇద్దరిని విడివిడిగా అడగండి, అందులో ఒకరు ఆ ఇంటికి కోడలుగా వచ్చినవారై ఉండాలి. పెళ్లినాటికి ఇల్లు ఎలా ఉందో ఆమె చెప్పినంత వివరంగా ఆ ఇంట్లో పుట్టినవాళ్లు చెప్పలేరు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా పెద్దిళ్ల కోసమని అనుకోవద్దు. పెద్దింటికి దస్తావేజులుంటాయి, తిరగేసి రాసేవాళ్లూ ఉంటారు. పూరింటికి పన్ను రసీదు, ఇళ్లస్థలం పట్టా తప్ప ఏమీ ఉండవు. వాడల్లో, కాలనీల్లో ఇళ్లు ముప్పై నలభై ఏళ్లకోసారి మొదలంటా మారిపోతాయి. నిట్రాడు ఏ కలప, గోడ ఎన్ని వరసల మట్టి, కప్పు తాటాకా బోదగడ్డా, ఇవి రాయడానికి అరగంట పడుతుంది. మొదలు అక్కడినుంచే పెట్టండి.

తగాదా నడుస్తున్న ఇంటికి మాత్రం కట్టడం వరకే రాసి, హక్కుల జోలికి పోకండి. ప్రతి ఫైలు మొదటి పేజీలో ‘ఇది హక్కు పత్రం కాదు’ అని రాయించండి. అసలు కాగితాలు ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి, మీకు ఫొటో చాలు. ఇంటివాళ్లు వద్దంటే వద్దు.

పనులెలా జరగాలో కూడా చెబుతాం. కొత్త ఇంటి ప్లానుకు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ స్థలంలో పాత ఇల్లుందా అని ఒక్క ప్రశ్న అడిగించండి. ఉంటే మూడు రోజుల ముందు చెప్పమనండి. కొలిచే పనికి ఊరి హైస్కూలు పిల్లలు, ఒక మేస్త్రీ, ఒక వడ్రంగి చాలు. తలవాకిలి పైకమ్మిని అమ్మేముందు ఫొటో తియ్యనివ్వమని ఇంటివాళ్లను అడగండి.

రిజిస్టర్ల సంగతి మాత్రం ఆగదు. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ లోపల పుస్తకాలను గోడను ఆనుకున్న బీరువాలోంచి తీసి, నేలకు జానెడు ఎత్తున, గోడకు బెత్తెడు ఎడంగా చెక్క బల్ల మీద పెట్టించండి. చెదలు పట్టినవాటిని మిగతావాటికి దూరంగా ఉంచండి. తడిసినవాటిని ఎండలో పరచొద్దు, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో కాగితం అప్పడంలా వంకర తిరిగి పెళుసవుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేపు అతికించొద్దు, ల్యామినేషన్ అసలే వద్దు. కరణం ఇళ్ల అటకల మీద తాటాకు కవిలెలు దొరికితే తడిగుడ్డ తగలనివ్వకండి. మెత్తటి కుంచెతో దులిపి, నూలుబట్టలో చుట్టి ఉంచండి. కరణం, మునసబు పదవులు 1984 జనవరిలో రద్దయినప్పుడు ఆఫీసుకు చేరని కట్టలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. ప్రతి రిజిస్టరును అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, పగటి వెలుగులో ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. ఒక ప్రతి పంచాయతీ కంప్యూటర్లో, రెండోది ఊరి బడిలో. ఒక మనిషి, ఒక సెల్‌ఫోను, రెండు రోజుల పని. ఈ వానలకు ముందే ఆ రెండు రోజులు కేటాయించండి.

ఇట్లు,
పాత ఇళ్లు కొలిచే, పాత కాగితాలు చదివే
నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లం